మహిపాల్ ఎగరాలి!

ఏప్రిల్ 25, 2004. ఆదివారం. అమీర్‌పేట

ఈ రోజు తీర్మానం చేసుకున్నాను. మనిషిని ఎగరేస్తాను! సూపర్ హీరోని! నిమిషం పాటు! చూసినవాడు నవ్వకూడదు, నమ్మాలి.

మన సినిమాల్లో ఎగిరేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వెనకాల మబ్బులు పరిగెడుతుంటాయి, ముందు ఫ్యాను తిరుగుతుంటుంది, మధ్యలో హీరోగారు బోర్లా పడుకుని ఉంటారు. ఎగరడమంటే అదా? నేను మబ్బులు వాడను, ఫ్యాను వాడను. రఘురామ్ అంటే ఏంటో చూపిస్తాను.

మే 14న బంజారా హిల్స్‌లో ఒక గ్రాఫిక్స్ స్టూడియోవాళ్లు నేను తీసిన వీడియో రీలు చూస్తారు. నచ్చితే ఉద్యోగం. నచ్చకపోతే 17 నుంచి టెస్టింగ్ టూల్స్ కోర్సు, పొద్దున ఆరింటి బ్యాచ్. ఈ ఊళ్లోనే ఉండే మా బావ వీర్రాజుగారు తణుకులో ఉన్న నాన్నగారికి మాటిచ్చేశారు. టెస్టింగ్ అంటే ఇంకొకడు రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతకడమట. జీవితాంతం అదే పని! ఛీ.

హీరో కూడా దొరికాడు. నా రూమ్మేట్ మహిపాల్, జనగామ అబ్బాయి. ఈ వీధిలో అందరిలాగే జావా నేర్చుకుంటున్నాడు గానీ మనిషి నిండుగా ఉంటాడు. అడగ్గానే, "ఎగురుడు నాకు రాదు భాయ్, దుంకుడైతే వస్తది" అన్నాడు. చాలు, మిగతాది కంప్యూటర్ చూసుకుంటుంది.

ఏప్రిల్ 27

పంజగుట్ట వెళ్లి చిలకపచ్చ గుడ్డ తెచ్చి డాబా మీద పరదాలా కట్టాను. మా ఇంటి ఓనరు సత్తెమ్మగారు వడియాలు తీసుకోవడానికి పైకొచ్చారు.

"ఎవలి పెండ్లి పిల్లగా? నాకు చెప్పనేలేదు!"

పెళ్లి కాదండీ, కంప్యూటర్‌లో ఈ పచ్చరంగు తీసేసి ఆ చోట ఆకాశం పెడతానని వివరించాను.

"ఆకాశం పైన్నే ఉన్నది గదరా! దాన్ని గుడ్డతోని మూసి మల్ల తెచ్చుడేంది?"

ఈవిడకి టెక్నాలజీ గురించి చెప్పడం దండగ.

ఏప్రిల్ 29

షూటింగ్ మొదలు! బావగారి హ్యాండీక్యామ్. మహిపాల్‌కి నీలం ట్రాక్ సూటు, మెడకి ఎర్ర తువాలు. స్టూలు మీద బోర్లా పడుకోబెట్టాను. స్టూలుకి కూడా పచ్చగుడ్డ చుట్టాను, కాబట్టి అది మాయమైపోతుంది.

స్టూలు మాయమైంది. పొట్ట మాత్రం మాయం కాలేదు. చపాతీ ముద్దని పీట మీద నొక్కినట్టు అడ్డంగా పరుచుకుపోయింది. కాళ్లు పైకెత్తరా అంటే తల కిందికి పోతుంది. తల ఎత్తరా అంటే కాళ్లు వాలిపోతాయి. రెండూ ఎత్తితే ఊపిరి ఆడదట.

సాయంత్రం బావగారు వచ్చి చూశారు. "చేతులు ముందుకి చాపి పడుకున్నాడేంట్రా? ఎవరికి ఈ సాష్టాంగ నమస్కారం?" అని ఒకటే నవ్వు. కళ్లనీళ్లు పెట్టుకుని మరీ నవ్వారు.

చూసినవాడు నవ్వకూడదని రాసుకున్నాను, నిజమే. కానీ బావగార్లని ఆ లెక్కలో కలపకూడదు.

మే 1

మబ్బులు పెట్టాను. నాలుగే! అయినా ఇవి ఆ సినిమా మబ్బులు కావు, వాతావరణం.

తువాలు వీపుకి అతుక్కుని ఎగరనంటోంది. ఫ్యాను కూడా పెట్టాను. తువాలు కోసమే, మహిపాల్ కోసం కాదు. కాబట్టి తీర్మానం చెడనట్టే.

మే 4

కొత్త ఆలోచన! తాడు!

తీర్మానంలో తాడు వద్దని ఎక్కడా లేదు. వెనక్కి తిప్పి చూసుకున్నాను కూడా. పెద్ద పెద్ద సినిమాలవాళ్లే తాడుతో వేలాడదీసి, తర్వాత కంప్యూటర్‌లో ఆ తాడుని చెరిపేస్తారు. వాటర్ ట్యాంకు ఇనప దూలానికి పసుపు నైలాన్ తాడు కట్టి, మహిపాల్ నడుముకి బెల్టు బిగించి లేపాను. కింద పరుపులు వేశాను. లేచాడు! గిర్రున తిరిగాడు!

"ఆపు భాయ్! జర ఆపు! కండ్లు తిరుగుతున్నయ్!"

దింపాక ఇంకో గొడవ. హవాయి చెప్పులు విప్పనన్నాడు. ఆకాశంలో పోయేవాడికి చెప్పులెందుకురా అంటే, "డాబా పెనం లెక్క కాల్తున్నది. నీకేం, నీడకు నిలబడి యాక్షన్ అంటవు" అని నా మీద లేచాడు. సరే, వేసుకుని ఏడువు అన్నాను.

మే 7

తాడు చెరపడం మొదలుపెట్టాను. సెకనుకి పాతిక బొమ్మలు. ఒక్కో బొమ్మలో తాడు ఎక్కడుందో వెతికి, దాని మీద ఆకాశం పూయాలి. అరనిమిషం షాటుకి ఎన్ని బొమ్మలో లెక్కేసి, లెక్కవేయడం మానేశాను. మహిపాల్ తల వెనక తాడుతోపాటు తల కూడా కొంచెం చెరిగిపోయింది.

కరెంటు పోయింది. హమ్మయ్య.

మే 8

ఎండ. కళ్లు మంటలు. కళాకారుడికి విశ్రాంతి ముఖ్యం. పడుకున్నాను.

మే 9. ఆదివారం

షాటు సర్వనాశనం!

ఈసారి నేను ట్యాంకు మెట్లెక్కి పైనుంచి తీశాను. మహిపాల్ డాబా అంచు దగ్గర వేలాడుతుంటే వాడి కిందుగా సందంతా కనిపిస్తోంది. తిరగడం లేదు! కాళ్లు వాలడం లేదు! ఇంకొక్క పది సెకన్లు ఓపిక పట్టరా అనుకుంటున్నాను. సందు చివర ఎల్లమ్మ గుడిలో హారతి గంట మోగింది.

వాడేం చేశాడో తెలుసా? గాల్లోనే గుడి వైపు తిరిగి, వేళ్లు కళ్లకద్దుకుని, కుడికాలి చెప్పు విడిచాడు! బండి మీద పోతూ గుడి ముందు అందరూ చేసేదే! ఆ చెప్పు పిట్టగోడకి తగిలి, ఎగిరి, సందులోకి పడింది. కూరగాయల సంచితో వస్తున్న సత్తెమ్మగారి కాళ్ల ముందు! ఆవిడ నెత్తి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూస్తూ, "ఎవడ్రా పైకెళ్లి చెప్పిడిసింది? నీ చేతులిరగ!" అని అందుకున్నారు.

సూపర్ హీరో చెప్పు విడుస్తాడట్రా అని నేను కూడా తిట్టాను. వాడు కిందికి దిగుతూ, "హీరో అయితే అమ్మోరికి మొక్కడా?" అన్నాడు. ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది, మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

మే 13

రేపే! రీలులో మిగిలింది సాష్టాంగ నమస్కారం షాటు, తల అరిగిపోయిన షాటు. నిమిషం అనుకున్నది ఇరవై సెకన్లయింది. చిన్నదైతే తప్పులు తక్కువ కనిపిస్తాయి. అయినా వాళ్లు టాలెంట్ చూస్తారు గానీ నిడివి చూడరు.

మే 14

స్టూడియోలో రాగసుధగారని ఒక సూపర్‌వైజర్. పక్కన మరో ఇద్దరు. రీలు వేశారు. మొదటి షాటుకి ఆవిడ పెదవి కొరుక్కున్నారు. రెండోదానికి ఇద్దరిలో ఒకడు దగ్గినట్టు నవ్వాడు. తలెత్తలేకపోయాను. ఆరింటి బ్యాచ్ కళ్లముందు కనిపించింది.

రీలు ఆగలేదు. ఆదివారం నాటి పాడైపోయిన షాటు టేపు చివర్లో అలాగే ఉండిపోయింది. తీసేయడం మర్చిపోయాను! ఆపండి అనబోయాను. ఈలోపు గంట మోగింది.

రాగసుధగారి చెయ్యి దానంతటదే కళ్ల దగ్గరికి వెళ్లింది. టేబుల్ కింద కాలు శాండల్‌లోంచి బయటికొచ్చింది. నేను చూశాను! ఎవరూ నవ్వలేదు. ముగ్గురూ మహిపాల్‌ని చూస్తున్నారు. వాడు ఎగురుతున్నాడు! ఇంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు.

మళ్లీ వేయించారు. ఇంకోసారి వేయించారు.

"ఆ కింద తిట్టే ఆవిడ భలే చేశారండీ. ఎవరు?"

"థియేటర్ ఆర్టిస్టండీ."

"చెప్పు పడటం చాలా సహజంగా ఉంది. కంప్యూటర్‌లోనే చేశారా?"

"అవునండీ" అంది నా నోరు. నేను అనలేదు, నోరే అంది.

"అయితే సోమవారం వచ్చి ఇక్కడ, మా సిస్టమ్ మీద, ఎడమకాలి చెప్పు కూడా పడేసి చూపించండి. అది చూసి ఉద్యోగం సంగతి మాట్లాడదాం."

మే 16. ఆదివారం

నిన్నటి నుంచి కంప్యూటర్‌లో చెప్పు పడేస్తున్నాను. ఒకసారి ఎండుటాకులా ఊగుతూ దిగింది. ఒకసారి పిట్టగోడలోంచి దూసుకుపోయింది. ఒకసారి పడకుండా పైకే పోయింది. మహిపాల్ మంచమ్మీద కూర్చుని చూస్తున్నాడు.

"మనిషిని ఎగరేస్తనన్నవు. ఇప్పుడేమో చెప్పును కిందికి పడేస్తలేవు."

తంతాను అన్నాను.

అసలు చెప్పు ఎలా పడిందో పట్టుకుందామని టేపు వేసి, ఒక్కో బొమ్మా ఆపి చూశాను. చూస్తూ చూస్తూ ఒకచోట కుర్చీలోంచి లేచిపోయాను.

తాడు! పసుపు తాడు, వేలెడంత లావు! వాడి నడుము నుంచి తెర పైదాకా, నట్టనడుమ, మొదటినుంచి చివరిదాకా! పాడైన షాటు కదా అని నేను చెరపనే లేదు. స్టూడియోలో మూడుసార్లు వేశారు. ముగ్గురూ చూడలేదు. నేనూ చూడలేదు.

"ఒరేయ్, నీక్కనిపించిందా?"

"అండ్ల తాడెందుకు జూస్త భాయ్? చెప్పు పాయె గద, మల్ల దొరకనే లే."

మే 17. సోమవారం

ఆరింటికి బావగారి ఫోను. "బ్యాచ్ మొదలైపోయింది, ఎక్కడున్నావురా?" పంజగుట్ట బస్టాపులో ఉన్నానండీ, బంజారా హిల్స్ వెళ్లాలి, రేపట్నుంచి కోర్సుకి తప్పకుండా వస్తాను అన్నాను. అవతల నుంచి చాలా మాటలొచ్చాయి. ఇక్కడ రాయను.

రాగసుధగారికి నిజం చెప్పేశాను. చెప్పు నిజం, తిట్లు నిజం, తిట్టినావిడ మా ఇంటి ఓనరు. తాడు కూడా చూపించాను. రాగసుధగారు బొమ్మ ఆపి, తాడు మీద వేలు పెట్టి, పై నుంచి కిందికి మెల్లగా జరిపారు. లోపలున్న కుర్రాళ్లందర్నీ పిలిచారు. రెండు నెలల నుంచి ఒక సినిమాలో తాళ్లు చెరుపుతున్న కుర్రాళ్లట. ఒక్కొక్కరే వచ్చి ఆ తాడు మీద వేలు పెట్టి చూసుకున్నారు.

"అబద్ధం చెప్పారు కాబట్టి ఉద్యోగం ఇవ్వను," అన్నారు చివరికి. "కానీ అతను ఎగిరాడు. నెల గడువిస్తాను. ఇంకోసారి ఎగరేసి తీసుకురండి. ఈసారి పొరపాటున కాకుండా."

పొద్దున టెస్టింగ్, సాయంత్రం ఎగరడం. కొత్త తీర్మానం రాసుకున్నాను: మహిపాల్ ఎగరాలి! వాడు గాల్లో ఏం చేస్తాడో, ఎందుకు చేస్తాడో ముందు అనుకోవాలి. తాడు, మబ్బులు, ఫ్యాను ఉంటే ఉండనీ. ఈసారి పక్కా!

మహిపాల్ కూడా ఒప్పుకున్నాడు. వాడిది ఒకటే షరతు. చెప్పులు వేసుకోడట. బూట్లు కావాలట, లేసులు గట్టిగా బిగించినవి.

సరేనన్నాను. మొదటిరోజే గొడవెందుకు.