వంటింటి క్యాలెండర్

అత్తయ్యగారూ,

నా గుండెకి ఏ లోపమూ లేదట. గర్భసంచి లోపలి పొర లాంటిది ఛాతీలో పెరగడం వల్ల నెలనెలా ఈ నొప్పి వస్తోందట. చాలా అరుదైన జబ్బు.

మీరు ఆసుపత్రికి సంచిలో పెట్టి పంపిన వంటింటి క్యాలెండర్ వల్లే బయటపడింది. అందులో నాకు నొప్పి వచ్చిన రోజులకు మీరు పెట్టిన ఇంటూ గుర్తులన్నీ నా నెలసరి రోజుల్లోనే ఉన్నాయి. "ఇంత ఓపిగ్గా ఎవరమ్మా రాసింది?" అన్నారు ఈ జబ్బు మీద పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ.

నేను పని మానేసి పడుకున్న రోజులు లెక్కపెడుతున్నారని మూడేళ్లుగా మిమ్మల్ని లోలోపల తిట్టుకున్నాను. మన్నించండి.

పాత క్యాలెండర్లు కూడా పరిశోధనకు ఇస్తారా? మీరు ఒప్పుకుంటేనే తీసుకుంటారట.

గోడకి కొత్తది తగిలించండి. మోకాలు సలుపుతోందని మీరూ నోరు విప్పి చెప్పరు. ఈసారి ఇంటూలు నేను పెడతాను.

మీ కోడలు