పది కవర్లు

బుజ్జీ, నేను కులాసాగానే ఉన్నాను, కంగారు పడకు.

మీ అమ్మ పోయేముందు ఈ దీవి ప్రయాణానికి మా ఇద్దరి తిండి డబ్బులూ రోజుకో కవరు చొప్పున పది కవర్లలో పెట్టి అంటించింది కదా. ప్రతిదాంట్లో ఒక చీటీ కూడా ఉంది. నిన్నటి నాలుగో చీటీలో "టిఫిను ఎగ్గొట్టి టీలు తాగకండి" అని రాసింది. ఆ ధ్యాసలో హోటల్లో రెండు భోజనాలు చెప్పాను.

"రెండోది చల్లారిపోతోంది, ఎవరికండీ?" అంది వడ్డించే ఆవిడ.

"మా ఆవిడ వస్తోంది" అన్నాను. రెండూ నేనే తిని లేచాను.

ఇక్కడ కాలు నిలవడం లేదు. వచ్చే పడవకే తిరిగి వస్తున్నాను, తిట్టకు. గ్యాసు బండ వచ్చిందా? నేను వచ్చేదాకా అమ్మ బీరువా సర్దకు. ఇక్కడే ఉంటే కవర్లన్నీ అయిపోతాయి. మిగిలిన ఆరూ ఇంట్లో నెలకొకటి విప్పుకుంటాను.

అల్లుడికి, పిల్లకు నా దీవెనలు.

నాన్న