సమాజంలో చెప్పని ప్రార్థన

చిరంజీవి ఆశాజ్యోతికి,

ప్రభువు కృప నీకు తోడుండాలని కోరుతూ అమ్మ రాస్తున్నది. ఇక్కడ మీ నాన్నగారూ నేనూ బాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నావని తలుస్తాను అని రాయాలి కానీ చెయ్యి రావడం లేదు. ఆ మాట రాయకుండా వదిలేస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయని విసుక్కోకు. ఎందుకలా ఉన్నాయో చివర్లో చెబుతాను.

నువ్వు నా నంబరు బ్లాక్ చేసిన దగ్గర్నుంచీ నీ దగ్గర్నుంచి నాకొచ్చిందంటూ ఏమీ లేదు. అందుకని నీ బ్లాగులో ఒక్కో పోస్టు చివర పాఠకుల్ని అడుగుతావు చూడు, ఆ ప్రశ్నలకే జవాబులు రాస్తున్నాను. అవును, చదువుతున్నాను. ప్రశాంతంగా ఎలా ఉండాలి, తక్కువ సామాన్లతో ఎలా బతకాలి, పనులు తొందరగా ఎలా తెముల్చుకోవాలి, అన్నీ చదివాను. మా స్కూల్లో టీచర్లు కూడా చదువుతారు. ఆ రాసే పిల్ల నా కూతురని వాళ్ళకి తెలియదు, నేనూ చెప్పలేదు.

"ఈ నెల ఇంట్లోంచి ఏం తీసేశారు?" అని అడిగావు. సగం ఇల్లు తీసేశాను తల్లీ. అటక మీద స్టీలు బిందెలు, పాత టీవీ, ఎవరో ఇచ్చిన గోడగడియారాలు, అన్నీ పంపేశాను. మీ నాన్నగారు కత్తిపీట కోసం ఇప్పటికీ వెతుకుతున్నారు. మొన్న తన కుర్చీలో కూర్చుని "ఏంటి సంపూర్ణా, ఇంక నేనొక్కణ్ణే మిగిలానా?" అన్నారు. నవ్వొచ్చింది కానీ, ఇల్లు ఖాళీ అయితే మనసు తేలికవుతుందని నువ్వు రాసింది మాత్రం నా విషయంలో నిజం కాలేదు. సామాన్లు పోయాక నీ గది తలుపు ఇంకా బాగా కనబడుతోంది.

"ఒకసారికి ఒకటే పని చేసి చూశారా?" అన్నావు. చూశాను. బెండకాయలు తరుగుతూ వేరే ధ్యాస లేకుండా కూర్చుంటే పొయ్యి మీద పప్పు మాడి, పక్కవాటా వాళ్ళు వచ్చి చెప్పాల్సి వచ్చింది. పొద్దున్నే లేచి కళ్ళు మూసుకుని ఊపిరి గమనించమన్నావు. గమనించడం మొదలుపెడితే నా ఊపిరి తడబడిపోతుంది. నువ్వెక్కడున్నావో, తిన్నావో లేదో అన్నదే వస్తుంది గానీ ప్రశాంతత రాదు. అయినా మానలేదు. నీ మాట ఏదో ఒకటి రోజూ నా ఇంట్లో జరగాలని ఆశ, అంతే.

ఇంకో ప్రశ్న ఉంది. "ప్రేమ పేరుతో మీ బరువు పెంచేవాళ్ళెవరు? వాళ్ళ నుంచి దూరంగా జరగగలిగారా?" దాని కింద ఎంతమందో మెచ్చుకుంటూ రాశారు. అది నా గురించేనని నాకొక్కదానికే తెలుసు. క్రిస్మస్‌కి వచ్చి వెళ్ళిపోయాక నువ్వు వేసిన మొదటి పోస్టు అది.

నిజం చెప్పనా? నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ కొంచెం ఉంది. నువ్వు మనసు బాగోక మందులు వాడుతున్నానని నాకొక్కదానికే చెప్పావు. ఒప్పుకుంటాను. కానీ ఆ సోమవారం చర్చి స్త్రీల సమాజంలో పాస్టరయ్యగారి భార్య "ప్రార్థన అవసరతలు ఎవరికైనా ఉన్నాయా?" అని అడిగితే నా చెయ్యి దానంతట అదే లేచింది. కడుపులో అంత బాధ పెట్టుకుని, ఆ చోట కాకపోతే ఇంకెక్కడ చెప్పుకుంటాను? చిన్నప్పుడు నీకు టైఫాయిడ్ వస్తే ఆ ఆడవాళ్ళే కదా మంచం చుట్టూ మోకరించారు. ఆదివారానికి అయ్యగారు గుళ్ళో నీ పేరు పెట్టి ప్రార్థన చేస్తారని నేననుకోలేదు. పండక్కి నువ్వొస్తే ప్రతి ఒక్కరూ చెయ్యి పట్టుకుని "ఇప్పుడు మనసెలా ఉందమ్మా?" అని అడుగుతారని అసలే అనుకోలేదు. ఆరాధన సగంలో నువ్వు లేచి వెళ్ళిపోతుంటే, నీ వెనక రాకుండా పాట పాడుతూ నిలబడ్డాను. అందరూ చూస్తున్నారని. ఆ పాట ఇప్పుడు ఎవరు పాడినా నేను లేచి బయటికి పోతున్నాను.

ఇక అసలు సంగతి. ఇన్ని మాటలు రాసింది దీన్ని వెనక్కి తోసుకుంటూనే.

నీ బ్లాగు కింద రాజమండ్రి నుంచి పాపాయి అని ఒకావిడ రాస్తుంది కదా. తర్వాత నీకు మెయిల్స్ కూడా రాస్తుంది కదా. నువ్వు "ఆంటీ, ఆంటీ" అంటూ పేజీలు పేజీలు జవాబులిస్తావు కదా. ఆ పాపాయిని నేనే. నా చిన్నప్పుడు మీ అమ్మమ్మ నన్ను అలా పిలిచేది. నిన్ను మోసం చెయ్యాలని కాదు. నా పేరుతో రాస్తే నువ్వు చదవవు. ఒక్క ముక్క రాసి, నువ్వు జవాబిస్తే చూసుకుని ఊరుకుందామనుకున్నాను. నువ్వు "మీరు ఎలా ఉన్నారండీ?" అని రాసేసరికి స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ ఏడ్చేశాను. కంట్లో సుద్ద పడిందని చెప్పాను.

తర్వాత ఆ పాపాయి అంటే నాకే ఒళ్ళు మండేది. నాకు చెప్పనివన్నీ దానికి చెప్పావు. దానికి నోరు లేదు గనక చెప్పావు. సలహా ఇస్తే నా గొంతు గుర్తుపడతావని భయపడి, "అవునా అమ్మా", "తర్వాత ఏమైంది?" తప్ప ఏమీ రాసేదాన్ని కాదు. అమ్మగా ఉన్నప్పుడు కూడా అంతే చెయ్యాల్సిందని ఇప్పుడు తెలుస్తోంది.

కానీ మొన్న నువ్వు పాపాయికి రాసింది మళ్ళీ మళ్ళీ చదివాను. "ప్రశాంతత గురించి అందరికీ చెప్పే నాకే అది లేదు ఆంటీ. పోస్టు పెట్టేసి మళ్ళీ మంచం మీద పడుకుంటున్నాను. కిటికీ తెర తీసి ఎన్నాళ్ళయిందో. మందులు మానేశాను. రాబోయే నెలల పోస్టులన్నీ రాసి పెట్టేశాను, నేను లేకపోయినా వాటంతట అవే వస్తుంటాయి. ఎవరితోనూ అనకండి" అన్నావు.

నేను లేకపోయినా అంటే ఏంటి తల్లీ? ఎక్కడికైనా వెళ్తున్నావా అని పాపాయి చేత అడిగించాను. నువ్వు జవాబివ్వలేదు. నీ బ్లాగులో మాత్రం ఇవాళ పొద్దున కూడా కొత్త పోస్టు వచ్చింది, తేలికగా నిద్ర లేవడం ఎలాగో. అది నువ్వు లేచి పెట్టిందో, దానంతట అదే వచ్చిందో నాకెలా తెలుస్తుంది?

నిన్న సమాజంలో మళ్ళీ అడిగారు, ప్రార్థన అవసరతలు ఎవరికైనా ఉన్నాయా అని. అందరూ నా వైపే చూశారు. నా రెండు చేతులూ కొంగులో చుట్టుకుని, వాటి మీద కూర్చున్నంత పని చేశాను. పళ్ళు బిగబట్టి "ఏమీ లేవండి" అన్నాను. జీవితంలో అంత కష్టమైన మాట నేను అనలేదు జ్యోతీ. మీ నాన్నగారికి కూడా చెప్పలేదు. విశాఖపట్నంలో టీచర్లకి ట్రైనింగ్ ఉందని అబద్ధమాడి బయల్దేరాను. ఎవరితోనూ అనొద్దన్నావు, అనలేదు. నీకూ దేవుడికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

నా అక్షరాలు ఎందుకు వంకరపోయాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. సామర్లకోట దాటాక రైల్లో మొదలుపెట్టాను, అనకాపల్లి వస్తోంది. విశాఖపట్నంలో దిగగానే ఆటో ఎక్కి మీ అపార్ట్‌మెంట్‌కే వస్తాను. నన్ను చూస్తే తలుపేసేస్తావని, ముందు ఈ కాగితాలు వాచ్‌మన్ చేత పైకి పంపిస్తాను. నువ్వు ఇది చదివేటప్పటికి నేను కింద గేటు పక్కన అరుగు మీద కూర్చుని ఉంటాను. నువ్వు రాసినట్టే ఒక్క సంచీతో వచ్చాను. లోపల రెండు చీరలూ బైబిలూ తప్ప ఏమీ లేవు. బోధలు తేలేదు. ఎందుకిలా అయ్యావని అడగను. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే పక్కన కూర్చుంటాను, వద్దంటే ఆ అరుగు మీద నుంచి మాత్రం లేవను.

నీ పోస్టుల్లో ఒక ప్రశ్న మిగిలిపోయింది. "చివరిసారి మీ మనసు ఎప్పుడు తేలికపడింది?" "మీతో చెప్పుకుంటే తేలికగా ఉంది ఆంటీ" అని నువ్వు పాపాయికి రాసిన రోజున.

తలుపు తియ్యమనడం లేదు. కిటికీ తెర ఒక్కసారి పక్కకి జరుపు. అమ్మకి కనబడ్డం ఇష్టం లేకపోతే, పాపాయికైనా కనబడు తల్లీ.

ఇట్లు,
నువ్వు ఏ పేరు పెట్టి పిలిచినా పలికే
మీ అమ్మ