జోజప్ప మౌనం

మార్చి 19, జోజప్పగారి పండగ. రాత్రి.

ఈరోజు గుడిలో పూజలో ఫాదర్‌గారు ఏసుప్రభువుని పెంచిన తండ్రి జోజప్పగారి గురించి చెబుతూ, "సువార్తల్లో ఎక్కడ వెతికినా ఆయన అన్న మాట ఒక్కటి కూడా కనబడదు. ఆ మౌనమే ఆయన సుగుణం" అన్నారు. ఆడవాళ్ళ వరసలో తలలన్నీ నావైపు తిరిగాయి. మా ఆయన పేరూ జోజప్పే, మాట్లాడని తీరూ అదే మరి. పూజయ్యాక అత్త అందరి ముందూ, "మావాడు ఆ పేరు నిలబెట్టినాడు మే. ఇంట్లో ఉన్నాడో లేడో కూడా తెలీదు" అని మురిసిపోయింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకే నచ్చలేదు.

పెళ్ళైన కొత్తలో ఆయన మౌనం వేరు. నేను వాగుతుంటే వింటూ మీసాల్లో నవ్వుకునేవాడు. మేం సాగు చేసిన గుంటలో రొయ్యలన్నీ చచ్చిపోయాక వచ్చిన మౌనం అది కాదు. ఏమైందని అడిగితే "ఏముంది" అంటాడు, అంతే. దీన్ని కూడా సుగుణం అనుకుంటే ఎట్లా?

ఇంటికొస్తూ అల్లూరు దాటాక బండి మీద వెనక నుంచి అడిగాను. "జోజప్పగారు మాట్లాడకపోయినా దేవుడు ఆయనకి కలలో అన్నీ చెప్పినాడంట. నీకేమన్నా చెప్తా ఉన్నాడా?"

బండి వేగం తగ్గించాడు.

"కల రావాలంటే నిద్ర పట్టాల గదా మే" అన్నాడు, తల తిప్పకుండానే.

ఇప్పుడు పక్కన కళ్ళు మూసుకుని పడుకున్నాడు. రోజూ నిద్రపోయాడనుకుని లైటు ఆర్పేస్తాను. ఇవాళ ఆర్పబుద్ధి కావడం లేదు...