పేరు చెప్పని ప్రార్థనాంశం

సీతాఫల్‌మండి, సికింద్రాబాద్
జూన్ 14

ప్రియమైన సైలస్ అన్నయ్యకు,

మేబెల్ వందనాలు. ఫోన్ చేస్తే నీ చెవి మిషను ఈల వేస్తోంది కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను.

మా జెరూషాకి ఎమ్మెస్సీ జెనెటిక్స్‌లో సీటు వచ్చింది. పొరుగు రాష్ట్రంలో, ప్రభుత్వ యూనివర్సిటీ. ప్రభుత్వానిది గదా, చవకే అనుకున్నాం. ప్రభుత్వానిదే, కాకపోతే మా ప్రభుత్వానిది కాదు. అక్కడి పిల్లలకి ఒక ఫీజు, బయటి రాష్ట్రం వాళ్ళకి దానికి నాలుగింతలు. హాస్టలు వేరే. మా ఇద్దరి జీతాలకీ అందేది కాదు. ఆ మాటంటే పిల్ల అన్నం ముందునుంచి లేచిపోతోంది. నెలాఖరులోగా దగ్గర్లో, మా తాహతుకి తగింది దొరక్కపోతే దానికి ఏడాది పోతుంది.

నీకు తెలిసిన లెక్చరర్లని అడిగి చూడు. డబ్బు చాలలేదన్న మాట మాత్రం సంఘంలో బయటపెట్టకు. జెరూషా పేరు కూడా.

నీ చెల్లెలు
మేబెల్

తా.క.: మా ఆయన స్కూటర్ అమ్మి ఫీజు కడతానన్నారు. చూడటానికి వచ్చినతను బండి చూసి, మా ఇద్దరికీ టీ తాగించి వెళ్ళాడు.

పాలకొల్లు
జూన్ 18

చెల్లెమ్మ మేబెల్‌కి,

అన్నయ్య ఆశీస్సులు. లెక్చరర్లని అడిగేముందు దేవుణ్ణి అడగడం మన పద్ధతి. గురువారం గృహకూటంలో ప్రార్థనాంశం ఇచ్చాను. నువ్వు చెప్పినట్టే పేరు లేదు, డబ్బు ప్రస్తావన లేదు. ఆ రెండూ తీసేశాక మిగిలింది చెప్పాను. "సికింద్రాబాదులో ఒక ఆడబిడ్డ పొరుగు రాష్ట్రం మీద మనసు పెట్టుకుంది. ఇంట్లో వాళ్ళకి అది తగదు. దగ్గర్లోనే తగింది దొరకాలని ప్రార్థించండి."

స్త్రీల సమాజం వాళ్ళు ఏడ్చారు. పై చదువుల మీద మన వాళ్ళకి ఇంత శ్రద్ధ ఉందని నాకిన్నాళ్ళూ తెలియదు.

మీ అన్నయ్య
సైలస్

తా.క.: స్త్రీల సమాజం సమాధానమ్మ గారు నన్ను పక్కకి పిలిచి, "ప్రైవేటా, గవర్నమెంటా?" అంది. గవర్నమెంటే అన్నాను. "అయితే మరీ అంత చెడ్డదేం కాదు" అని కళ్ళు తుడుచుకుంది.

సీతాఫల్‌మండి
జూన్ 23

అన్నయ్యకు,

సమాధానమ్మ గారి చెల్లెలు గ్రేసీ మౌలాలి రైల్వే కాలనీలో ఉంటుందని నీకు తెలుసా? ఇప్పుడు మాకూ తెలిసింది. నిన్న అరటిపళ్ళతో వచ్చి జెరూషా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది.

"మరిచిపో తల్లీ. ఇట్లాంటివి రెండేళ్ళ ముచ్చట."

"రెండేళ్ళే ఆంటీ. కానీ తర్వాత బతుకంతా దాని మీదే నడుస్తుంది" అంది మా పిల్ల.

"నాన్నకి తెలుసా?"

"అప్లికేషన్ పెట్టిందే నాన్న."

ఆమె మా ఆయన్ని చూసిన చూపు నేను రాయలేను. వెళ్తూ వెళ్తూ ఇవాన్ అనే బ్యాంకు అబ్బాయి బయోడేటా టీవీ మీద పెట్టి వెళ్ళింది. అప్పుడర్థమైంది అసలు సంగతి. దయచేసి సరిదిద్దు.

కాలేజీ వేట ఎక్కడిదక్కడే ఉంది. ఒక ప్రైవేటు కాలేజీకి వెళ్తే, పొరుగు రాష్ట్రం కంటే ఎక్కువ అడిగి, బస్సు మాత్రం ఉచితమన్నారు.

నీ చెల్లెలు
మేబెల్

తా.క.: ఇవాన్ ఫోటోలో కారుకి ఆనుకుని నిలబడ్డాడు. కారు మీద 'డ్రైవింగ్ స్కూల్' అని ఉంది.

పాలకొల్లు
జూన్ 26

చెల్లెమ్మకి,

సరిదిద్దాను. కూటంలో లేచి, "అబ్బాయి ఎవరూ లేడు. అది చదువు సంగతి" అని స్పష్టంగా చెప్పాను. తర్వాత సమాధానమ్మ గారు, "పెద్దాయన ఇంటి పరువు కోసం ఎంత నలిగిపోతున్నారో" అంది. మన అంశం కోసం పెట్టుకున్న ఉపవాస ప్రార్థన ఇంకో వారం పొడిగించారు.

ఇంకొకటి. మోండా మార్కెట్ దగ్గర ప్రేమమణి గారని ఒకామె ఉందట. ప్రేమలో పడ్డ పిల్లలకి నచ్చజెప్పడంలో పేరున్న మనిషి. శనివారం మీ ఇంటికి వస్తోంది. వద్దని కబురు పెట్టించాను. "వద్దనే ఇళ్ళకే నేను ముందు పోతా" అందట.

మీ అన్నయ్య
సైలస్

తా.క.: తలుపు తీసెయ్యి. తియ్యకపోతే మెట్ల మీద కూర్చుని పాటలు పాడుతుందట.

సీతాఫల్‌మండి
జూన్ 29

అన్నయ్యకు,

ప్రేమమణి గారు వచ్చింది. చేతిసంచిలో మునక్కాడలు. చదువు సంగతని నేను చెబితే, "అందరు తల్లులు గిట్లనే అంటరు. నువ్వు జెర చాయ్ పెట్టు" అని నన్ను వంటింట్లోకి పంపింది. జెరూషాని ఎదురుగా కూర్చోబెట్టింది.

"ఏందమ్మా, ఆడ ఉన్నదేంది, ఈడ లేనిదేంది? ఒక్కొక్కటి చెప్పు."

"పేరుంది."

"పేరు సంగతి తర్వాత. ఇంకా?"

"మంచి ల్యాబ్ ఉంది."

"ఈడ లేదా? చూసినవా?"

జెరూషా ఫోన్ తీసింది. మా ఊరి యూనివర్సిటీ పేజీ తెరిచి చాలాసేపు చదివింది. అన్నయ్యా, మా వీధి చివర ఆగే బస్సు అక్కడికే వెళ్తుంది. ఎన్నడూ వెళ్ళని ఊళ్ళన్నీ గాలించాం గానీ, ఆ బస్సు బోర్డు మాత్రం చదవలేదు. అక్కడి ఎంట్రన్సులో జెరూషాకి ర్యాంకు కూడా ఉంది. ఆప్షనే పెట్టలేదు.

"ల్యాబ్ ఇక్కడే పెద్దది ఆంటీ" అంది చిన్నగా.

"మరి దీన్ని ఎందుకు చూడలే?"

"ఇంటి దగ్గరిది కదా. లోకువ."

"నా దగ్గరికొచ్చిన ప్రతి పిల్ల ఆఖరికి ఇదే మాట అంటది" అని ప్రేమమణి గారు చాయ్ తాగి లేచింది.

చివరి విడత కౌన్సెలింగ్ మిగిలి ఉంది. ఈ రాత్రే ఆప్షన్ పెడుతున్నాం. ఇప్పుడు ప్రార్థించు. పేరు పెట్టి ప్రార్థించు.

నీ చెల్లెలు
మేబెల్

తా.క.: తను మాట్లాడింది యూనివర్సిటీ గురించని ప్రేమమణి గారికి ఇప్పటికీ తెలియదు. "కుర్రాడు లోకల్ అయిండు, ఇక పరేషాన్ లేదు" అని అందరికీ చెబుతోంది.

పాలకొల్లు
జూలై 21

చెల్లెమ్మకి,

సీటు వచ్చిందన్న కబురు అందింది. దేవునికి స్తోత్రం. ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పాను. ఫీజు తక్కువని కూడా చెప్పాను, నన్ను క్షమించు. ఎవరూ చిన్నచూపు చూడలేదు. ముగ్గురు తండ్రులు వచ్చి, పాలకొల్లు నుంచి దగ్గరి యూనివర్సిటీకి ఏ బస్సు వెళ్తుందని అడిగారు.

సమాధానమ్మ గారు ఒక్కతే దిగులుగా ఉంది. ఇన్నాళ్ళ ఉపవాసం ఒక కాలేజీ కోసమా అని.

మీ అన్నయ్య
సైలస్

సీతాఫల్‌మండి
ఆగస్టు 30

అన్నయ్యకు,

జెరూషా క్లాసులు మొదలయ్యాయి. పొద్దున్నే డబ్బా కట్టుకుని బస్సెక్కుతోంది. అన్నం ముందునుంచి లేవడం మానేసింది.

దాని క్లాసులో ఆషర్ అని ఒకబ్బాయి ఉన్నాడు. ఏ రాష్ట్రం వాడో చెబితే నమ్మవు. మేం వద్దనుకున్న ఆ యూనివర్సిటీ గోడ వెనకే వాళ్ళ ఇల్లట. ఇంటి పక్కన చదువేంటని ఇక్కడికి వచ్చాడు. ఇక్కడ బయటివాడు కాబట్టి ఎక్కువ ఫీజు కడుతున్నాడు. ఈ సంగతి చెబుతూ జెరూషా రెండుసార్లు నవ్వింది.

నిన్న వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసింది. మంచి మనిషి. అబ్బాయి తిండి సంగతి కాస్త చూడమంది. వాళ్ళ సంఘంలో కూడా ప్రార్థనాంశం ఇచ్చిందట, పేరు లేకుండా. "మా అబ్బాయి పొరుగు రాష్ట్రం మీద మనసు పెట్టుకున్నాడు" అని.

నీ చెల్లెలు
మేబెల్

తా.క.: ఇది ప్రార్థనాంశం కాదు. సమాధానమ్మ గారిని మాత్రం మళ్ళీ ఉపవాసం పెట్టుకోకుండా భోజనం చెయ్యమను.