నా ఇథియోపియా

ఆగస్టు 18, సోమవారం

సుజాత నా ఇథియోపియాను ఎత్తుకుపోయింది.

అక్కడి బహర్‌దార్‌లో మూడేళ్లు జాగ్రఫీ చెప్పింది నేను. తానా సరస్సు మీద పడవలో నడుం విరగ్గొట్టుకున్నది నేను. ఈమె కరీంనగర్ దాటితే హైదరాబాద్, అంతే. సెకండియర్‌కు ఒక్క క్లాసు చెప్తానంటే ఫొటోలు, స్లైడ్లు అన్నీ ఇచ్చాను. "అక్కా, జర నీ ఇథియోపియా ఇయ్యవా" అంటే కరిగిపోయాను... ఇవాళ నోటీసు బోర్డు మీద — ఇథియోపియాపై ప్రత్యేక ప్రసంగం, సుజాత మేడం. నా పేరు లేదు. కింద చిన్న అక్షరాల్లో కూడా లేదు.

మా ఇద్దరిలో జాగ్రఫీ హెడ్ ఎవరో దసరాలోపు తేలుస్తారట. ఇక తేల్చేదేముంది.

ఆగస్టు 19

ప్రిన్సిపాల్ సార్‌ను అడిగాను. "ఎవ్వలు జెప్తే ఏంది మేడం, కాలేజీకి పేరొస్తే సాలదా."

చాలదు.

ఆగస్టు 25

సుజాత ప్రసంగానికి రిహార్సల్. వెనక బెంచీలో కూర్చున్నాను. లాలిబెల గుళ్ల స్లైడు వచ్చింది — కొండను పైనుంచి కిందికి తొలిచి గుళ్లు చేశారని. మన గ్రానైట్ క్వారీలో రాయి బయటికి పోతుంది, అక్కడ రాయి ఉన్నచోటే గుడి అయింది అని. ప్రతి ముక్కా నాదే. ఊపిరి పీల్చుకునే చోటు కూడా నాదే. పళ్లు నూరుకుంటూ విన్నాను.

తర్వాత అక్కడి బస్టాండు గడియారం ఫొటో. పొద్దుటి ఎండ, అప్పుడే తెరుస్తున్న దుకాణాలు, గడియారంలో మూడు. "ఈ గడియారం ఆగిపోయింది. బాగు చేసే దిక్కు లేదు, పేద దేశం కదా" అంది సుజాత.

ఆగలేదు. అక్కడ పొద్దు పొడిచాకే గంటలు మొదలు. మన తొమ్మిది వాళ్లకు మూడు. ఆ ఫొటో కింద నేనేమీ రాయలేదు — నాకు తెలుసు కదా అని.

"ఎట్లుందక్కా?" అంటూ వచ్చింది.

"మస్తున్నది" అన్నాను.

ఆగస్టు 28

ప్రసంగం రోజుకు అతిథి వస్తోందట. హైదరాబాద్‌లో చదివే ఇథియోపియా అమ్మాయి, తిగిస్త్.

దేవుడున్నాడు.

సెప్టెంబరు 1

ఇంకా చెప్పొచ్చు. ఒక్క మాట. స్టాఫ్‌రూంలో నా పక్క కుర్చీయే... ఏ చీర కట్టుకోవాలని అడిగింది. నీలం రంగుది అన్నాను. గడియారం ఊసెత్తలేదు.

సెప్టెంబరు 3, బుధవారం

హాలు నిండింది. బయట గణపతి మండపం మైకు. నీలం చీరలో సుజాత. గడియారం ఆగిపోయిందంది, పేద దేశమంది.

తిగిస్త్ చెయ్యెత్తింది. ఇంగ్లిష్‌లో, మెల్లగా — అది ఆగలేదు మేడం, మాకు రోజు సూర్యుడితో మొదలవుతుంది. మీరక్కడ ఏ ఊళ్లో ఉన్నారు? పాపం, నిజంగానే అడిగింది. సుజాత గబగబా స్లైడు మార్చేసింది. పిల్లలు నవ్వారు. ప్రిన్సిపాల్ నా వైపు చూశారు. నా కడుపు చల్లబడింది. ఇక్కడ అబద్ధం రాయడం దేనికి.

నేను లేచాను. వాళ్ల అమ్హారిక్ భాషలో పలకరించగానే తిగిస్త్ కళ్లు చెమర్చాయి. ఓరోమోలు, సిదామాలు అనే జాతులు, తిగ్రాయి కొండలు, హరర్ కోటగోడ, ఏడాదికి పదమూడు నెలలు... కాగితం లేకుండా చెప్పాను. చప్పట్లు.

తర్వాత భోజనం. తిగిస్త్ స్వయంగా చేసి తెచ్చిన ఇంజెరా, పుల్లట్టు లాంటిది. బుధవారం వాళ్లకు ఉపవాసం కాబట్టి మాంసం లేదు, శనగపిండి కూర, పప్పు. ఒకే పెద్ద పళ్లెం. గుర్షా చేయించింది — ముద్ద చుట్టి ఎదుటి మనిషి నోట్లో పెట్టడం. నా దేశాన్ని ఇక్కడికి తెచ్చిన మీరిద్దరూ ఒకరికొకరు పెట్టుకోండి అంది.

ముందు సుజాత. నా నోట్లో పెట్టింది. "తెల్సి సుత జెప్పకపోతివి గదక్కా" అంది, నాకు మాత్రమే వినబడేట్టు. మింగాను.

నా వంతు. ముద్ద చుట్టాను. మళ్లీ పళ్లెంలోనే పెట్టేసి, చెయ్యి కడుక్కొస్తానని లేచి వెళ్లిపోయాను. ఎవరూ పట్టించుకోలేదు. చుట్టిన ముద్ద పెట్టకపోవడం ఎంత అవమానమో అక్కడ నాకూ తిగిస్త్‌కూ మాత్రమే తెలుసు. గుమ్మం దగ్గర వెనక్కి చూశాను. దెబ్బ సుజాతకు అనుకున్నాను, తిగిస్త్ తల దించుకుని ఉంది.

సెప్టెంబరు 4

"మీరే హెడ్డనుకోండ్రి మేడం" అన్నారు ప్రిన్సిపాల్. ఆదిలాబాద్ కాలేజీలో ప్రసంగం కూడా నాదేనట. సంతోషమే. సంతోషం కాక...

సెప్టెంబరు 7

తిగిస్త్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

సెప్టెంబరు 9, మంగళవారం

సుజాత నా బల్ల దగ్గరికొచ్చింది. ఆ రోజు తర్వాత మాట్లాడటం ఇదే. ఎల్లుండి వాళ్ల కొత్త సంవత్సరం, తిగిస్త్ ఇంటికి పిలిచిందట. సుజాతను. నన్ను కాదు.

"తప్పయిందని ఫోన్ జేసిన. తెల్వక అన్నవు, ఫికర్ జెయ్యకు అన్నది. ఉత్త చేతులతోని పోతే మంచిగుండదు గదా... ఏం పట్కపోవాలె అక్కా?"

పసుపు పూలు. ఆ వేళకు అక్కడ కొండలన్నీ పసుపే. ఆడపిల్లలు కట్టలు కట్టి ఇంటింటికీ ఇస్తారు. ఇంత తంగేడు తీసుకెళ్తే చాలు, తిగిస్త్ గుండెకు హత్తుకుంటుంది — ఈమెను. మా ఊరి డ్యాం దారిలో ఇప్పుడే విచ్చుకుంటోంది కూడా. అది నాకు తెలుసు. మళ్లీ నాకే తెలుసు.

తెల్ల పూలు అనొచ్చు. స్వీటు డబ్బా చాలనొచ్చు.

"చెప్త, జర ఆగు" అన్నాను.

రేపు మళ్లీ అడుగుతుంది. ఎల్లుండి పొద్దున్నే హైదరాబాద్ బస్సు.