నా పేరున ఉన్న మిల్లు

శుక్రవారం, 1972, రేణిగుంట

సావుకారు భార్య తాంబూలంలో చీర పెట్టిచ్చి సంతకం అడిగిన రోజు, కాగితం చదివి చూస్తాననడానికి నాకు సిగ్గేసింది. మా ఆయన గుమాస్తాగా ఉండే సావుకారు బియ్యం మిల్లు అట్లా నా పేరుకు మారింది.

"రూపాయిలో ముప్పావలా పన్నుకే పోతే నాకేం మిగులుతాదప్పా?" అన్నాడంట సావుకారు. ఆయనకు మిగిలే పావలాలతో మాలాంటి ఇళ్ళు ఎన్ని గడుస్తాయో. కట్టాల్సిందే అనిపిస్తాది నాకు. ఎవరితో అనేది?

రేపు ఇన్‌కంటాక్స్ ఆఫీసరు వస్తాడు.

"మిల్లు నీదేనని చెప్పు చాలు. లేకుంటే నా ఉద్యోగం పోతాది" అన్నాడు ఈయన.

"పట్టుబడితే జైలుకు పోయేది నేనే కదా?"

ఈయన, నేనెప్పుడూ చూడని ఆ మిల్లులో యాడ ఏముందో కాగితంమీద గీసిచ్చినాడు. బట్టీ పడుతున్నాను.